పెయింట్ వేయని కార్టెన్ గర్డర్లు: చిత్తూరు, తిరుపతి రోడ్డు వంతెనలకు ఎక్కడ సరిపోతాయి, ఎలా చూసుకోవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది: చిత్తూరు వైపు నాలుగు వరసల రోడ్డు పనిలో ఒక వంక మీద 36 మీటర్ల స్పాను, అంటే రెండు ఆనుల మధ్య దూరం. స్టీలు గర్డర్ల (వంతెన బరువు మోసే పొడవాటి దూలాల) మీద కాంక్రీటు స్లాబు. డిజైనులో పెయింట్ లేని వెదరింగ్ స్టీలు, అంటే మనవాళ్లు కార్టెన్ అనేది, ఇచ్చారు. గర్డర్లు యార్డులోకి వచ్చి మూడు నెలలైంది. నారింజ రంగు తుప్పు చేతికి అంటుతోంది, స్టీలు పాడైపోతోంది కాబట్టి ప్రైమరు కొట్టేద్దామని కాంట్రాక్టరు అంటున్నారు. కొట్టాలా? ఇదే స్టీలు నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు పనులకీ వాడొచ్చా? తర్వాత మెయింటెనెన్సు ఏముంటుంది?

ప్రైమరు కొట్టించకండి సార్. మూడు నెలలకి నారింజ పొడి రావడం ఈ స్టీలు చేయాల్సిన పనే. వదులు తుప్పు మీద కొట్టిన ప్రైమరు స్టీలుని పట్టుకోదు, తుప్పునే పట్టుకుంటుంది. రెండు వానలకి పొరలుగా లేస్తుంది, ఆ పొర కింద నీళ్లు నిలుస్తాయి. అప్పుడు మీకు పెయింటూ ఉండదు, రక్షణ పొరా ఏర్పడదు. అయితే గర్డరులో కొన్ని భాగాలకి మాత్రం పెయింట్ తప్పనిసరి. అది తుప్పు మీద కాదు, బ్లాస్టింగ్ (ఒత్తిడితో ఇసుక లాంటి రేణువులు కొట్టి శుభ్రం చేయడం) చేసి, ఎత్తి పెట్టకముందే వేయాలి. అదెక్కడో కింద చెబుతాను.

ముందు ఈ స్టీలు ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతా నిర్ణయాలన్నీ వాటంతటవే తేలిపోతాయి. ఇందులో రాగి, క్రోమియం, నికెల్ కొద్ది కొద్దిగా ఉంటాయి. మొదట పట్టే తుప్పు మామూలు తుప్పే. వాన పడి తడిసి, ఎండకి పూర్తిగా ఆరి, మళ్లీ తడిసి ఆరుతూ ఉంటే ఆ తుప్పు మెల్లగా సన్నని రేణువుల దట్టమైన పొరగా మారుతుంది. రాగి, క్రోమియం ఆ పొర అడుగున, లోహానికి ఆనుకుని చేరతాయి. దాంతో నీరు, ఆక్సిజన్ లోపలికి పోవడం బాగా తగ్గిపోతుంది. ఇందుకు సుమారుగా రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. రంగు నారింజ నుంచి ముదురు గోధుమకి, కొన్ని చోట్ల ఊదా ఛాయకి మారుతుంది.

కీలకం ఆరడంలోనే ఉంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట ఈ స్టీలుకి, మామూలు నిర్మాణ స్టీలు ప్లేటుకి (మన ప్రమాణం ఐఎస్ 2062) పెద్ద తేడా ఉండదు, రెండూ ఒకేలా తినేసుకుపోతాయి. రెండో శత్రువు ఉప్పు. ఉప్పులోని క్లోరైడు చేరితే తుప్పు దట్టంగా కాక గుల్లగా, పొరలు పొరలుగా పెరుగుతుంది. అందుకే ఈ వంతెనల మన్నిక స్టీలు రసాయనం కంటే నీటి దారి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పైనుంచి పడిన నీళ్లు గర్డరుకి తగలకుండా ఎలా పోతాయి, తగిలినవి ఎంతసేపట్లో ఆరిపోతాయి అన్నవే ఇక్కడ అసలు ప్రశ్నలు.

అమెరికా అనుభవం ఇదే చెబుతుంది. యూఎస్ స్టీల్ కంపెనీ కార్టెన్‌ని 1933లో మార్కెట్‌లోకి తెచ్చింది. రోడ్డు వంతెనలకి 1964 ప్రాంతంలో న్యూజెర్సీ, మిషిగన్ రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. మిషిగన్ ఎంతో ఉత్సాహంగా వాడి, 1980లో పెయింట్ లేకుండా వాడటాన్ని ఆపేసింది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు, స్లాబు చివర్ల కారే జాయింట్ల గుండా గర్డర్ల చివర్ల మీదకి దిగడమే అక్కడ ప్రధాన కారణం. 1982లో అక్కడి ఉక్కు పరిశ్రమ సంఘం ఏడు రాష్ట్రాల్లో 49 వంతెనలు పరిశీలించింది. 30 శాతం అన్ని చోట్లా బాగున్నాయి, 58 శాతంలో కొన్ని చోట్ల ఓ మోస్తరు తుప్పు, 12 శాతంలో కొన్ని చోట్ల తీవ్రమైన తుప్పు కనిపించాయి. ఆ అనుభవంతోనే అమెరికా హైవే శాఖ 1989 అక్టోబరులో పెయింట్ లేని వెదరింగ్ స్టీలు గురించి సాంకేతిక సూచనలు విడుదల చేసింది. పశ్చిమ వర్జీనియాలో 1977లో పూర్తయిన న్యూ రివర్ గార్జ్ వంతెన కూడా కార్టెన్‌దే, దాని ఆర్చి స్పాను 518 మీటర్లు. స్టీలు చేతకాక కాదు, జాయింటు కారినచోటే దెబ్బతింది.

మన దగ్గర రోడ్డు మీద ఉప్పు చల్లరు. అది మనకి పెద్ద కలిసొచ్చే విషయం. చిత్తూరు, పలమనేరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి పరిసరాల్లో గాలి ఈ స్టీలుకి బాగా నప్పుతుంది. తిరుపతి నుంచి సముద్రం గీత గీసినట్టు చూస్తే సుమారు 80 కిలోమీటర్లు, చిత్తూరుకి ఇంకా దూరం. వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, అంతకుముందు నైరుతితోనూ పడుతుంది. మధ్యలో బాగా ఎండ కాస్తుంది. తడిసి ఆరే చక్రానికి ఇంతకంటే మంచి వాతావరణం కోరుకోనక్కర్లేదు.

కానీ జిల్లా అంతా ఒకటి కాదు. 2022లో జిల్లాల విభజన తర్వాత సూళ్లూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకి పోయే రోడ్డులో పెయింట్ లేని కార్టెన్ ఊసే వద్దు. ఉప్పునీటి తుంపర, ఉప్పు గాలి, తేమ మూడూ అక్కడ ఉన్నాయి. నాయుడుపేట తీరానికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం, సరస్సు అంచు ఇంకా దగ్గర. అక్కడ దూరం చూసి నిర్ణయం తీసుకోకూడదు, కొలిచి తీసుకోవాలి. వంతెన కట్టే చోటే, గర్డరు వచ్చే ఎత్తులో, ఏడాది పాటు గాలిలోంచి పడే క్లోరైడుని నెలనెలా కొలిపించండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9225లో తడి వత్తి పద్ధతి (తడి గుడ్డ వత్తి మీద చేరిన ఉప్పుని కొలవడం) ఉంది. అమెరికా సూచన ప్రకారం 100 చదరపు సెంటీమీటర్లకి రోజుకి 0.5 మిల్లీగ్రాములు దాటితే పెయింట్ లేకుండా వాడొద్దు. జపాన్ వాళ్ల హద్దు దానిలో పదో వంతు, 0.05 మాత్రమే. వాళ్లు కొలిచేది పొడి గుడ్డ పద్ధతిలో కాబట్టి ఆ హద్దు పెట్టుకుంటే ఆ పద్ధతిలోనే కొలవాలి, లేకపోతే అంకెలు పోల్చడం తప్పు. బంగాళాఖాతం ఒడ్డుకి అమెరికా హద్దు కంటే జపాన్ హద్దే నమ్మదగిందని నా అభిప్రాయం.

లోతట్టులో కూడా కొన్ని చోట్లు అనుమానంగా చూడాలి. భాకరాపేట, మొగిలి ఘాట్లలో లోయలో చెట్ల నీడన గాలి ఆడని చోట గర్డరు ఆరదు. వంక మీదైతే నీటి మట్టం నుంచి గర్డరు అడుగు దాకా ఎత్తు చూడండి. నిలవ నీరైతే కనీసం 3 మీటర్లు, పారే నీరైతే 2.4 మీటర్లు ఉండాలి. స్వర్ణముఖి లాంటి ఇసుక ఏట్లో సంవత్సరంలో చాలా నెలలు నీరే ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. ఊరి మురుగు చేరి గుర్రపుడెక్క పెరిగే మడుగు మీద మాత్రం పెయింట్ వేసిన స్టీలో, కాంక్రీటో మంచిది. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల వచ్చిన లాంటి వరదలో గర్డరు మునిగినా స్టీలుకి దానివల్ల ముప్పు లేదు. వరద తీశాక ఫ్లాంజి (గర్డరు పైన, అడుగున ఉండే అడ్డ ప్లేటు) మీద, బేరింగుల (గర్డరు చివర ఆనే దిమ్మల) చుట్టూ మిగిలిన ఒండ్రు తీయకపోవడం వల్ల ముప్పు.

ఇక మీ చేతిలో ఉన్న గర్డర్ల సంగతి. మొదట మిల్ టెస్ట్ సర్టిఫికెట్లు (స్టీలు ఫ్యాక్టరీ ఇచ్చే పరీక్ష పత్రాలు) తీసి హీట్ నంబరు (ఒక్కో కరుగుకి ఇచ్చే నంబరు) వారీగా చూడండి. మూడు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, రాగి కలిపిన ఐఎస్ 2062 ప్లేటుని కార్టెన్ అని ఇవ్వడం. రెండు, రైలు వ్యాగన్లకి, భవనాల ముందరి అలంకారానికి వాడే రకాన్ని ఇవ్వడం. అందులో ఫాస్ఫరస్ 0.07 నుంచి 0.15 శాతం దాకా ఉంటుంది, తుప్పుకి మంచిదే కానీ మందపాటి వెల్డింగ్ గర్డరుకి పెళుసుదనం తెస్తుంది. వంతెనకి ఫాస్ఫరస్ 0.035 శాతం లోపు ఉండి, చార్పీ పరీక్ష (దెబ్బకి పెళుసుగా పగలదని చూసేది) పాసైన రకం కావాలి. మూడు, ప్రధాన ప్లేట్లు సరైనవే తెచ్చి, స్టిఫెనర్లు (వెబ్బు, అంటే గర్డరు నిలువు ప్లేటు, వంగకుండా పెట్టే పట్టీలు), క్రాస్ బ్రేసింగ్ (గర్డర్లని ఒకదానితో ఒకటి కలిపే) యాంగిళ్లు మామూలు స్టీలువి పెట్టడం. మూడోదే ఎక్కువ, ఎందుకంటే వెదరింగ్ రకంలో యాంగిళ్లు, చానళ్లు తేలిగ్గా దొరకవు. ప్లేటు వంచి గానీ, వెల్డ్ చేసి గానీ తయారుచేయించుకోవాలి.

సర్టిఫికెట్‌లోని అంకెల నుంచి తుప్పు నిరోధక సూచిక కట్టొచ్చు. ఏఎస్‌టీఎం జీ101 అనే అమెరికా ప్రమాణంలో సూత్రం ఉంది. రాగి శాతాన్ని 26.01తో, నికెల్‌ని 3.88తో, క్రోమియంని 1.20తో, సిలికాన్‌ని 1.49తో, ఫాస్ఫరస్‌ని 17.28తో గుణించి కూడాలి. అందులోంచి రాగి × నికెల్ × 7.29, నికెల్ × ఫాస్ఫరస్ × 9.10, రాగి వర్గం × 33.39 తీసేయాలి. 6.0 గానీ అంతకు మించి గానీ రావాలి. ఉదాహరణకి రాగి 0.30, నికెల్ 0.20, క్రోమియం 0.50, సిలికాన్ 0.35, ఫాస్ఫరస్ 0.015 అయితే సుమారు 6.49 వస్తుంది, పాసు. ఉత్త రాగి కలిపిన ప్లేటు, అంటే రాగి 0.20, సిలికాన్ 0.25, ఫాస్ఫరస్ 0.03, మిగతావి లేనిదైతే 4.76 దగ్గర ఆగిపోతుంది. రెండూ యార్డులో ఒకే రంగులో కనిపిస్తాయి, కంటితో తేడా పట్టలేరు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మిషనుతో రాగి, క్రోమియం, నికెల్ చూసేయొచ్చు. ఫాస్ఫరస్‌కి మాత్రం ల్యాబులో స్పార్క్ పరీక్ష కావాలి. మన ప్రమాణాల్లో ఐఎస్ 11587 వెదరింగ్ స్టీలుది. ఆర్డరులో ఆ నంబరుతో పాటు కావలసిన బలం, చార్పీ ఉష్ణోగ్రత, సూచిక 6.0 అని విడిగా రాయించండి.

డ్రాయింగులో ఇంకొకటి వెతకండి: తుప్పుకి వదిలిన అదనపు మందం. బ్రిటిష్ పద్ధతిలో 120 ఏళ్లకి, మామూలు వాతావరణంలో గాలికి తగిలే ప్రతి ముఖానికి 1 మి.మీ., తీవ్రమైన వాతావరణంలో 1.5 మి.మీ., మూసిన బాక్సు లోపలి ముఖానికి 0.5 మి.మీ. వదులుతారు. అంటే రెండు వైపులా గాలి తగిలే వెబ్బుకి 2 మి.మీ. లెక్కలో 10 మి.మీ. చాలితే 12 పెట్టాలి. స్లాబుని ఆనుకున్న పై ఫ్లాంజి ముఖానికి అక్కర్లేదు. ఇది వదలకుండా గర్డరు డిజైను చేసి ఉంటే ఇప్పుడే డిజైనరుని అడగండి. ఫ్యాటిగ్ (పదేపదే పడే బరువులకి లోహం అలసి పగలడం) లెక్కలో కూడా తుప్పు గరుకుదనం వల్ల వెల్డింగ్ లేని సాదా ప్లేటుకి యూరప్ ప్రమాణం యూరోకోడ్ ఒక మెట్టు తక్కువ వర్గం ఇస్తుంది. వెల్డ్ వివరాలు ఎలాగూ అంతకంటే కిందే ఉంటాయి కాబట్టి సాధారణంగా అదేమీ మార్చదు.

వెల్డింగ్‌లో ఎక్కువ భయపడక్కర్లేదు. ఒకే పాసులో (ఒకే వరసలో) వేసే 8 మి.మీ. లోపు మూల వెల్డుకి, అంటే ఫిల్లెట్‌కి మామూలు ఈ7018 ఎలక్ట్రోడ్ చాలు, ప్లేటులోని రాగి, నికెల్ కరిగి వెల్డులో కలుస్తాయి. అంతకంటే పెద్దవాటికి, బట్ జాయింట్లకి (ప్లేట్లు అంచుకి అంచు కలిపే చోట్లకి) లోపలి పాసులు మామూలు ఎలక్ట్రోడ్‌తో వేసినా, గాలికి తగిలే పై పాసులు ఈ8018-డబ్ల్యూ2 లాంటి నికెల్, రాగి ఉన్నదానితో వేయాలి. కార్బన్ ఈక్వివలెంట్ (వెల్డు దగ్గర పగిలే ప్రమాదం చెప్పే అంకె) మామూలు ప్లేటు కంటే ఎక్కువ కాబట్టి మందపాటి ఫ్లాంజికి ప్రీహీటు (ముందుగా వేడి చేయడం), ఎలక్ట్రోడ్ల బేకింగు (తేమ పోయేలా కాల్చడం) వదలొద్దు.

బోల్టుల్లో మాత్రం చాలామంది పొరపడతారు. జింకు పూత బోల్టు వాడితే జింకు కొన్నేళ్లలో అయిపోయి, ఆపైన చుట్టూ ఉన్న పెద్ద ప్లేటు ముందు చిన్న బోల్టు తినేసుకుపోతుంది. వెదరింగ్ రకం హెచ్‌ఎస్‌ఎఫ్‌జీ (గట్టిగా బిగించి ఘర్షణతో పట్టు ఇచ్చే అధిక బలం) బోల్టులు కావాలి, ఏఎస్‌టీఎం ఏ325 టైప్ 3 ఆ కోవలోది. వాషరు, నట్టు కూడా అదే రకంవి. ముందుగా ఆర్డరిస్తేనే దొరుకుతాయి. దొరకలేదని మామూలు నల్ల బోల్టులు వాడాల్సి వస్తే ఆ స్ప్లైస్ (గర్డరు ముక్కల్ని బోల్టులతో కలిపే చోటు) మొత్తానికీ, బోల్టు తలలతో సహా పూర్తి పెయింట్ వ్యవస్థ వేయాలి. సగం పని వద్దు.

స్ప్లైస్‌లో బోల్టుల మధ్య దూరం సన్నని ప్లేటు మందానికి 14 రెట్లు లేదా 175 మి.మీ., ఏది తక్కువైతే అది దాటకూడదు. అంచు దూరం 8 రెట్లు లేదా 125 మి.మీ. దాటకూడదు. దూరం పెరిగితే ప్లేట్ల మధ్య సందులో నీరు దూరి, లోపల తుప్పు ఉబ్బుతుంది. తుప్పు లోహం కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ప్లేటునే వంచేస్తుంది. కలిసే ముఖాలు బ్లాస్ట్ చేసి ఉండి, వదులు తుప్పు తీసేసి, గుంటలు లేకపోతే మన స్టీలు డిజైను ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం ఘర్షణ గుణకం 0.50 తీసుకోవచ్చు. మీ గర్డర్లు మూడు నెలలుగా బయటున్నాయి కాబట్టి బిగించే ముందు ఆ ముఖాల్ని వైరు బ్రష్‌తో దులిపించండి, నూనె మరక ఉంటే సాల్వెంట్‌తో తుడిపించండి.

ఇప్పుడు పెయింట్ ఎక్కడ అన్నది. ఎక్స్‌పాన్షన్ జాయింటు (స్లాబు వేడికి పెరగడానికి వదిలే సందు) కింద ఉన్న గర్డరు చివర, జాయింటు నుంచి గర్డరు లోతుకి ఒకటిన్నర రెట్లు పొడవున, అన్ని ముఖాలకీ పెయింట్ వేయాలి. 36 మీటర్ల స్పానుకి గర్డరు లోతు 1.8 మీటర్లు అనుకుంటే రెండు చివర్లా 2.7 మీటర్ల చొప్పున. అందులోకొచ్చే స్టిఫెనర్లు, ఎండ్ క్రాస్ గర్డరు, బేరింగు పై ప్లేటు అన్నీ కలిపి. ఎస్ఏ 2½ స్థాయి (దాదాపు శుభ్రమైన లోహం కనిపించే దాకా) బ్లాస్టింగ్, జింకు ఎపాక్సీ ప్రైమరు 75 మైక్రాన్లు, ఎంఐఓ (మైకాలాంటి ఐరన్ ఆక్సైడు) ఎపాక్సీ 125 నుంచి 150, పైన గోధుమ రంగు పాలీయురేథేన్ 50. మట్టిలోకి గానీ కాంక్రీటులోకి గానీ పోయే చోట కూడా పెయింట్ వేసి, కాంక్రీటు, స్టీలు కలిసే గీత మీద సీలెంటు పెట్టాలి. మీ ప్రైమరు డబ్బాలు ఇక్కడికే పనికొస్తాయి.

అసలు జాయింటే లేకపోతే ఈ గొడవే లేదు. 36 మీటర్ల ఒక్క స్పానుకి, గర్డరునీ చివరి గోడనీ జాయింటు లేకుండా కలిపేసే ఇంటిగ్రల్ అబట్‌మెంటు కట్టొచ్చు. మీకు అది దాటిపోయి ఉండొచ్చు, కానీ తర్వాతి పనులకి డిజైనరుతో ముందే మాట్లాడండి. జాయింటు ఉంటే అది ఏదో ఒకరోజు కారుతుందనే లెక్కతోనే కింద వివరాలు పెట్టుకోవాలి. రబ్బరు సీలు కింద నీటి తొట్టి పెడితే వాలు కనీసం 12కి 1 ఉండాలి. తక్కువైతే గ్రానైటు లారీల దుమ్ము, ఇసుక అందులో పేరుకుని మూసుకుపోతుంది. సముద్రం వైపు నుంచి వచ్చే చేపలు, రొయ్యల లారీల నుంచి కారే ఉప్పు ఐసు నీళ్లు కూడా జాయింటులోకే దిగుతాయి. మన రోడ్ల మీద ఉప్పు ప్రమాదం ఎక్కడైనా ఉంటే అది ఆ నీళ్లలోనే ఉంది.

డెక్ స్పౌట్లు (స్లాబు మీది నీరు దిగే గొట్టాలు) గర్డరు అడుగు ఫ్లాంజి కంటే కనీసం 300 మి.మీ. కిందకి దిగాలి. ఫ్లాంజి పైనే ఆగిపోయిన స్పౌటు ఒక్కటి చాలు, గాలికి ఊగిన ధార ప్రతి వానకీ ఒకే చోట వెబ్బుని కడుగుతూ ఉంటుంది. స్టిఫెనరు అడుగు మూల కోపు (నీరు పోవడానికి కోసిన ఖాళీ) 50 మి.మీ. కన్నా తక్కువైతే దుమ్ము అడ్డుపడి నీళ్లు నిలుస్తాయి. అడుగు ఫ్లాంజి మీద వాలుగా పారి వచ్చే నీటిని పియరుకి (వంతెన స్తంభానికి) చేరకుండా ఆపడానికి చిన్న డ్రిప్ ప్లేటు పెడతారు. దాన్ని తన్యత (లాగుడు) ఎక్కువున్న చోట వెల్డ్ చేయొద్దు, ఫ్యాటిగ్ పగులుకి అదే మొదలవుతుంది. అక్కడ సిలికోన్ సీలెంటు కట్ట వేసినా నీరు తెగిపోతుంది.

మొదటి రెండు మూడేళ్లు తుప్పు నీళ్లు కారతాయి. పియరు, అబట్‌మెంటు కాంక్రీటు ఎర్రగా మరక పట్టాక తీయడం కష్టం. స్లాబు పని అయ్యేదాకా పియర్లని పాలిథీన్‌తో చుట్టించండి, పియరు క్యాపుకి వెనక్కి వాలిచ్చి నీటిని ఒక గొట్టంలోకి చేర్చండి.

యార్డులో గర్డర్లు వెబ్బు నిలువుగా ఉండేలా, స్లీపర్ల (దుంగల) మీద, ఒక చివర కాస్త ఎత్తుగా ఉంచాలి. పక్కకి పడుకోబెడితే వెబ్బు తొట్టిలా నీళ్లు పట్టుకుంటుంది. టార్పాలిన్ బిగించి కప్పొద్దు, లోపల ఆవిరి పట్టి ఆరదు. గుర్తులు పెయింటుతో, మైనపు పెన్సిల్‌తో రాయించొద్దు, ఏళ్ల తరబడి కనిపిస్తాయి. మిల్ స్కేలు (తయారీలో పట్టిన నల్ల పెచ్చు) తీయకుండా వచ్చి ఉంటే రోడ్డు నుంచి కనిపించే బయటి గర్డర్లకైనా బ్లాస్టింగ్ చేయించండి. ఆ తర్వాత మూడుసార్లు మంచినీళ్లు చల్లి, ప్రతిసారీ పూర్తిగా ఆరనిస్తే రంగు సమంగా వస్తుంది.

స్లాబు పోసే రోజు, ఆ తర్వాతి వారాలు గర్డరుకి గడ్డుకాలం. షట్టరింగు సందుల్లోంచి కారిన సిమెంటు పాలు గట్టిపడకముందే కడిగేయాలి. గట్టిపడ్డాక యాసిడ్ వాడితే క్లోరైడుని మీ చేతులతో మీరే పూసినట్టు. క్యూరింగ్ నీళ్ల (స్లాబు గట్టిపడటానికి తడిపే నీళ్ల) సంగతి ఎవరూ పట్టించుకోరు. మన వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఆర్‌సీసీకి లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా క్లోరైడు ఒప్పుకుంటుంది, కానీ అదే నీరు రెండు వారాలు గర్డరు మీద కారి ఎండితే తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. గోనె పట్టాలతో నీరు పొదుపుగా పెట్టి, స్లాబు అంచున చిన్న గట్టు కట్టి గొట్టంతో బయటికి వదలండి. క్యూరింగ్ అయ్యాక తక్కువ క్లోరైడు ఉన్న నీళ్లతో గర్డర్లని ఒకసారి కడిగించండి. మామూలు పైపు ఒత్తిడి చాలు. జెట్ మిషనుతో కొడితే అప్పుడే ఏర్పడుతున్న మంచి పొర కూడా లేచిపోతుంది.

ట్రాఫిక్ వదిలాక మెయింటెనెన్సు అంటే ప్రధానంగా చీపురు, పార, కత్తి పని. ప్రతి ఏడాదీ జనవరి, ఫిబ్రవరిలో, వానలు పూర్తయ్యాక జాయింటు గాడిలో ఇసుక తీయాలి, స్పౌట్లు పొడవాలి, అడుగు ఫ్లాంజి చివర్ల దుమ్ము, పావురాల రెట్ట, పాత గూళ్లు ఊడ్చేయాలి. రెట్ట, దుమ్ము కలిసిన ముద్ద తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. అబట్‌మెంటు దగ్గర సర్కారు తుమ్మ గర్డరుని తాకేలా పెరిగితే కొట్టేయాలి. వంతెన కింద చెత్త పోగేసి తగలబెట్టడం, పోస్టర్లు అంటించడం, నినాదాలు రాయడం, అందం కోసమని ఎవరో రంగులు వేయించడం కూడా ఆపాలి. ఆ చివరిది ఎక్కువ నష్టం చేస్తుంది. మొత్తం బ్లాస్ట్ చేయకుండా తుప్పు పొర మీద వేసిన రంగు లేచిపోతుంది, తీయాలంటే మంచి పొర కూడా పోతుంది.

తనిఖీకి సరైన సమయం వాన ఆగిన ఒకటి రెండు రోజులకి. అప్పటికీ తడిగా ఉన్న చోట్లు గుర్తుపెట్టి ఫొటో తీస్తే సగం తనిఖీ అయిపోయినట్టే. కారణం వెతకండి: జాయింటా, స్పౌటా, దుమ్మా, నీడా. ఆ తర్వాత పొడిగా ఉన్నప్పుడు దగ్గరికెళ్లి వైరు బ్రష్‌తో రుద్దండి, సుత్తితో తట్టండి, పారదర్శక టేపు అంటించి లాగండి. రేణువులు సన్నగా, సగటున 1 మి.మీ. దగ్గర, సమంగా ఉండి, తుప్పు మందం 400 మైక్రాన్ల లోపైతే పొర బాగుంది. 5 నుంచి 25 మి.మీ. పెళ్లలు ఊడొస్తే, మందం 400 నుంచి 800 మధ్య ఉంటే జాగ్రత్తపడాలి. పొరలుగా అట్టలా ఊడితే, 800 దాటితే అక్కడ రక్షణ లేదు. జపాన్‌లో వాడే ఐదు మెట్ల రేటింగుని కుదించి చెప్పిందే ఇది, సామాన్యమైన పూత మందం గేజితోనే చేయొచ్చు. రంగు ఒక్కటే చూసి నిర్ణయించొద్దు. మొదటి ఏడాది నారింజ మంచిదే, పదో ఏడాది ఒక్క చోట మాత్రం నారింజ కనిపిస్తే అక్కడ నీరు కారుతోందని అర్థం. నల్లగా పెళ్లలు కట్టినది ఎప్పుడైనా చెడ్డదే.

మిగిలిన లోహం మందాన్ని అల్ట్రాసోనిక్ గేజితో కొలవాలి. ట్రాఫిక్ వదలకముందే మొదటి రీడింగు తీయడం ముఖ్యం, ప్లేటు మిల్ నుంచి వచ్చినప్పుడే నామమాత్రపు మందానికి అటూ ఇటూ ఉంటుంది. బేరింగు దగ్గర వెబ్బు అడుగు 150 మి.మీ., అడుగు ఫ్లాంజి చివర, స్పాను మధ్య, స్ప్లైస్ పక్కన, స్పౌటు కింద స్థిరమైన బిందువులు ఎంచుకుని డ్రాయింగు మీద కొలతలతో గుర్తించండి. ప్రతిసారీ ఆ పాతిక మి.మీ. చోట వదులు తుప్పు మాత్రం తీసి, రెండు క్రిస్టళ్ల ప్రోబుతో కొలవాలి. ఆరేళ్లకోసారి చాలు. 120 ఏళ్లకి 1 మి.మీ. అంటే సగటున ఏడాదికి 8 మైక్రాన్లు, గేజి తప్పు 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందుకే ఏటా కొలిచి తేడా చూడటం వృథా. మొదటి కొన్నేళ్లు నష్టం వేగంగా ఉండి తర్వాత తగ్గుతుంది కాబట్టి మొదటి రెండు రీడింగుల్ని సరళరేఖలో పొడిగించి భయపడొద్దు. రెండో, మూడో విడతల మధ్య వేగం తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఒక చోట పొర చెడిందని తేలితే ముందు నీటి మూలం ఆపండి. స్పౌటు పొడిగించాక, జాయింటు మార్చాక చాలా చోట్ల పొర తనంతట తనే కోలుకుంటుంది. పెళ్లలు రాల్చి, ఊడ్చి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనిచ్చి మళ్లీ చూడండి. ఉప్పు చేరిన చోట అలా కోలుకోదు, అక్కడ పెయింటే దారి. మామూలు పెయింట్ పని కంటే ఇది మొండిది. గుంటల అడుగున ఉప్పు దాగి ఉంటుంది కాబట్టి బ్లాస్ట్ చేసి, మంచినీళ్లతో ఒత్తిడిగా కడిగి, ఒక రాత్రి వదిలేయండి. ఉదయానికి గుంటల్లో నల్ల చుక్కలు లేస్తే మళ్లీ బ్లాస్ట్, మళ్లీ కడుగు. ఉపరితల ఉప్పుని ప్యాచ్ పరీక్షతో కొలిచి, చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాముల లోపు వచ్చాకే జింకు ప్రైమరు మొదలుపెట్టించండి. స్ప్లైస్ సందులో తుప్పు ఉబ్బి ఉంటే అంచులు శుభ్రం చేసి, పల్చని చొరబడే ఎపాక్సీ ఎక్కించి, చుట్టూ సీలెంటుతో మూయాలి. ప్లేటు వంగి బోల్టు సాగినట్టు కనిపిస్తే ఆ బోల్టుని మళ్లీ బిగించొద్దు, ఒక్కొక్కటిగా తీసి కొత్తవి వేయించండి.